ముక్కుపొడి శెట్టి పూలచెట్లు

కర్నూలు, పాతపేట
12 డిసెంబరు 1953

బావమరిది రామకోటయ్యకు పెంచలయ్య దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం తిని తిరుగుతున్నాం. ఎర్రగుంట్లలో నీ నాపరాళ్ళ వ్యాపారం, నీ నడుము నొప్పి, మా చెల్లెలు నాగలక్ష్మమ్మ కోపం, ఈ మూడూ అదుపులోనే ఉన్నాయని తలుస్తాను.

మా ఊరికి రాజధాని వచ్చిన సంగతి నీకు తెలుసు. వచ్చింది గానీ దిగడానికి చోటు లేక గుడారాల్లో కూర్చుంది. సర్కారు జిల్లాల నుంచి వచ్చిన గుమాస్తాలంతా నా అంగడి మీదనే పడుతున్నారు. వాళ్ళు ముక్కుపొడి పీల్చే తీరే వేరప్పా. మనవాళ్ళు తుమ్మితే దూలం మీద పిచ్చుక లేచిపోవాలి. వాళ్ళు చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని, ముందే "క్షమించండి" అని చెప్పి మరీ తుమ్ముతారు. అంత మర్యాదగా తుమ్మేవాడికి పొడి ఎందుకో నాకు అర్థం కాదు. సరే, తుమ్ముల సంగతి వదిలేస్తాను. లేకపోతే కాగితం దానితోనే అయిపోతుంది.

అసలు సంగతి ఇది. మన కింది ఇల్లు ఒక ఆఫీసుకు బాడుగకిచ్చి మేము మిద్దె మీదికి ఎక్కాము. ఇచ్చిన వారానికే వాళ్ళు సైకిళ్ళు పెట్టుకోవడానికి పెరడంతా చదును చేశారు. మీ అక్క మల్లెపొద, సన్నజాజి పందిరి, పారిజాతం అన్నీ పోయాయి. నేను అంగడి నుంచి వచ్చేసరికి అక్కడ ఎర్రమట్టి, దాని మీద వరసగా సైకిళ్ళు. మీ అక్క ఏడవలేదు. ఏడిస్తే ఏదో ఒకటి చెప్పి ఊరడించేవాణ్ణి. ఆమె ఒక్క మాటే అనింది.

"పూవు లేని ఇంట్లో నేనుండను. ఉగాది దాకా చూస్తా. అప్పటికీ ఈ మిద్దె మీద పూవు రాకపోతే మా తమ్మునింటికి పోతా."

పండుగకు పోయి రావడం సంగతి కాదు ఇది. పెట్టె సర్దుకుని పోవడం సంగతి. మీ అక్క మాట నీకు తెలుసు కదా. మా పెండ్లయిన కొత్తలో మా అమ్మ ఏదో అన్నదని కాకరకాయ మానేసింది. ఆ అమ్మ పోయి ఇన్నేండ్లయినా మా ఇంట్లో కాకరకాయ రాలేదు.

మిద్దె మీద వీధి వైపు రెండు చాపలు పరిచేంత జాగా ఉంది. ఇల్లు చూడవచ్చిన ఓవర్సీరు దాన్ని బాల్కనీ అన్నాడు. పొద్దున ఎండ వస్తుంది, మధ్యాహ్నానికి పోతుంది. గ్యాసునూనె డబ్బాలు నాలుగు సంపాదించాను. వాటిలో ఏం పెట్టాలో, ఎట్లా పెట్టాలో రాయి. నాకు తెలిసింది ఒక్క పొగాకే, అదీ చచ్చి ఎండిన తర్వాత. ఇంకొకటి, ఏ నెలలో ఏ పూవు పూస్తుందో వరసగా రాయి. ఒక్క నెల కూడా ఖాళీ పోకూడదు.

మీ అక్క కింద రెండు ముక్కలు రాసేదే. పాలు పొంగుతున్నాయని లేచిపోయింది.

పెంచలయ్య


ఎర్రగుంట్ల
21 డిసెంబరు 1953

బావగారికి రామకోటయ్య నమస్కారాలు.

మీ జాబు చదివి ఇది మా బావ రాసిందేనా అని అటూ ఇటూ తిప్పి చూశాను. పెండ్లిలో మీ మెడలో వేసిన దండను మీరు పీటల మీద నుంచి లేవకముందే మేకకు పెట్టారని మా నాయన చివరిదాకా చెప్పుకుని నవ్వేవాడు. అట్లాంటి మీకు ఏ నెలలో ఏ పూవు అనే విచారం ఎందుకు పుట్టింది? రాజధాని గాలా?

డబ్బా అడుగున చిల్లులు కొట్టండి. చిల్లుల మీద కుండపెంకులు పరిచి, ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన మేకల ఎరువు కలిపి నింపండి. అంచు దాకా నింపవద్దు, నీళ్ళకు జాగా ఉండాలి. నీళ్ళు పొద్దున్నే పోయాలి.

ఇక మీ నెలలు. చైత్రం, వైశాఖం మల్లె. జ్యేష్ఠం, ఆషాఢం సన్నజాజి. శ్రావణం మొదలుకొని పారిజాతం. ఆశ్వయుజంలో చంద్రకాంత. కార్తీకం, మార్గశిరం చేమంతి. పుష్యం మొదలు ఫాల్గుణం దాకా మరువం, దవనం. ఇవి పూలు కావు, ఆకులు. అయినా కొప్పులో పూలతో సమానం. కనకాంబరం మాత్రం నీళ్ళు పోసేవాడుంటే నెల చూడదు, ఏడాది పొడుగునా పూస్తుంది.

మా పెరట్లోవి ముదురు కనకాంబరం మొక్కలు, ఎండు వెన్నులతో సహా, తడిగోనెలో చుట్టి రైల్లో పంపుతున్నాను. ద్రోణాచలంలో బండి మారేటప్పుడు ఎవరూ వాటి మీద కూర్చోకుండా ఉంటే బతుకుతాయి. మల్లె అంటు నాటే కాలం వచ్చాక పంపుతాను.

ఒక మాట. పాలు పొంగితే దించి వచ్చి రాయవచ్చు కదా? అక్క రాత లేని జాబు నాకు జాబు మాదిరి అనిపించదు.

రామకోటయ్య


కర్నూలు
18 ఫిబ్రవరి 1954

బావమరిదికి దీవెనలు.

నీ మొక్కలు బతికాయి. నీ పట్టీ చదివి నేను వ్యాపారి బుద్ధితో ఆలోచించాను. ఒక్క సరుకు ఏడాది పొడుగునా అమ్ముడుపోతుంటే, నెలకొక సరుకు తెచ్చి అంగడి నింపేవాడు మూర్ఖుడు. కాబట్టి మల్లె వద్దు, జాజి వద్దు. నాలుగు డబ్బాల్లోనూ కనకాంబరమే పెట్టేశాను. నీ పన్నెండు నెలల బాధ ఒక్క చెట్టుతో తీరింది. ఇంత సులువైన కిటుకు మీ తోటల వాళ్ళకు ఎందుకు తట్టలేదో!

నీళ్ళకే తంటా. కోసిగి నుంచి కరువుకు వచ్చినవాడు ఉరుకుందప్ప అని, కావడితో నీళ్ళు మోస్తాడు. మిద్దె ఎక్కేటప్పుడు మెట్టుకొక మాట అంటాడు.

"శెట్టీ, మా ఊళ్ళో మనుసులకే తాగే నీళ్ళు లేవు. నువ్వు డబ్బాలకు స్నానం చేయిస్తాండావు."

"నీ దుడ్లు నీకిస్తాండాను గదప్పా."

"ఇస్తాండావులే. మోకాళ్ళు ఎవురిస్తారు?"

పై మెట్టు చేరినాక మాత్రం డబ్బాల ముందర గొంతుక్కూర్చుని ఆకు ఆకూ తిప్పి చూస్తాడు. "ఏం చెట్టు శెట్టీ, ఇది?" అని మీ అక్కకు వినపడేట్టు అరుస్తాడు. నేను నోరు మూయమని సైగ చేస్తాను. ఎందుకంటే ఇది ఏం చెట్టో మీ అక్కకు చెప్పలేదు. పూసిన రోజు ఆమే కనుక్కోవాలని పందెం. ఆమె సాయంత్రం బాల్కనీలో కూర్చుంటుంది. ఆకుల మీద చేయి వేసి ఊరికే అట్లా ఉంచుతుంది. పందెం ఓడిపోతానని ఆమెకు భయం ఉన్నట్టు లేదు. నాకే ఉంది. ఉగాది దగ్గర పడుతున్నది.

మొక్క పెరగడం ఇంత చిత్రమైన పనని నాకు ఈ వయసులో తెలిసింది. రాత్రి చూసిన కొమ్మ కాదు పొద్దున ఉండేది. ఎవరో వచ్చి మార్చి పోయినట్టుంటుంది. అంగడికి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి చూస్తున్నాను. నిన్న ఒక గిరాకీ నిలబడి ఉంటే అతన్ని వదిలి ఇంటికి వచ్చి చూసి పోయాను. ఇది బయట చెప్పవద్దు.

మీ అక్క చేతులకు గోరింటాకు పెట్టుకుని ఉంది. కాబట్టి రాయలేదు.

పెంచలయ్య


ఎర్రగుంట్ల
1 మార్చి 1954

బావగారికి నమస్కారాలు.

గోరింటాకు మేము ఆషాఢంలో పెట్టుకుంటాం. రాజధానిలో మాఘంలో పెట్టుకుంటారు కాబోలు.

ఒకసారి పాలు, ఒకసారి గోరింటాకు. నాకు చదువు చెప్పింది మా అక్క. పలక మీద నా చేయి పట్టుకుని దిద్దించిన మనిషి, తన చేత్తో రెండు ముక్కలు రాయకుండా నాకు జాబు పంపిందంటే, మీరిద్దరూ కొట్లాడుకున్నారన్నా అనుకోవాలి, నా మీద కోపమన్నా అనుకోవాలి. కొట్లాడుకుంటే దాచవద్దు. కోపమైతే ఎందుకో చెప్పమనండి, నేను వచ్చి తిట్లు తిని పోతాను.

పందెం ఏందో, చెట్టు పేరు దాచడం ఏందో నాకేమీ అంతుబట్టలేదు. కనకాంబరం పూస్తే అక్క కనుక్కోలేదా? ఇది కూడా పందెమా? నాకు పందెం కాయాలని ఉంటే ఇంతకంటే మంచివి చాలా ఉన్నాయి.

రామకోటయ్య


కర్నూలు
24 మార్చి 1954

రామకోటయ్యా,

దీవెనలు తర్వాత. ముందు నీ కనకాంబరాల సంగతి తేల్చు.

నాలుగు డబ్బాలూ విరగబూశాయి. దీపాలు పెట్టినట్టుంది బాల్కనీ. వీధిన పోయే గుమాస్తాలు తలలెత్తి చూసి ఒకరినొకరు గుద్దుకుంటున్నారు. నేను అంగడి పెందలాడే మూసి వచ్చి మీ అక్కను తెచ్చి వాటి ముందర కూర్చోబెట్టాను.

"ఏం పూవో చెప్పుకో చూద్దాం" అన్నాను.

ఆమె ముందుకు వంగి, ముఖం ఆకుల్లో పెట్టి, చాలాసేపు ఊపిరి పీల్చింది. నేను ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను. అట్లా ఇద్దరిలో ఒకరే పీల్చాము. చివరికి తల ఎత్తి, "ఏమీ రాల్యా. మొగ్గ ఏసిందా, ఇంకా ఆకేనా?" అనింది.

నాకు తల కొట్టేసినట్టయింది. నువ్వు పంపిన సరుకులో వాసన ఏదప్పా? పాత విత్తనమా? రైల్లో పోయిందా? మేకల ఎరువు మార్చమంటావా? ఊరినిండా ఆడవాళ్ళు కనకాంబరాలు పెట్టుకుని తిరుగుతున్నారు. వాసన లేకపోతే ఎందుకు పెట్టుకుంటారు? నకిలీ సరుకు అంటగట్టడానికి నేనే దొరికానా? ఉగాదికి పన్నెండు దినాలు కూడా లేవు. వాసన రావడానికి ఏం వేయాలో మరు టపాలో రాయి.

పెంచలయ్య


ఎర్రగుంట్ల
27 మార్చి 1954

బావగారికి,

మీ జాబు చదువుతూ పడిపడి నవ్వాను. కనకాంబరానికి వాసన ఉండదు బావా. ఏ ఊళ్ళోనూ, ఏ కాలంలోనూ ఉండదు. అందుకే దాంతో మరువం కలిపి కడతారు. ఇది చిన్నపిల్లకు కూడా తెలుసు. మీకు తెలియకపోవడం చూసి నవ్వు ఆగక, నాగలక్ష్మమ్మను పిలిచి గట్టిగా చదివి వినిపించాను.

ఆమె నవ్వలేదు. "ఇంగొకసారి సదువు" అనింది. చదివాను.

"వదిన ముందర పూసిన కనకాంబరం ఉండాది. ఆమె మొగ్గ ఏసిందా అని అడిగిందంట. నువ్వు యాడ నవ్వుతాండావో నాకు తెలుస్తల్యా" అనింది.

అప్పుడు పాలు, గోరింటాకు, ఆకుల మీద పెట్టి ఉంచిన చేయి అన్నీ ఒక్కసారి వరసలోకి వచ్చాయి. మీరు ఎందుకు ఒక్క నెల కూడా ఖాళీ పోకూడదన్నారో తెలిసింది.

ఎప్పటి నుంచి బావా? ఎవరికి చూపించారు? నాకెందుకు రాయలేదు?

ఉగాది మర్నాడు వస్తాను. అక్కను తీసుకుపోతాను. ఇక్కడ పెద్ద పెరడు ఉంది, చూసుకోవడానికి మనుషులున్నారు. ఆమె పుట్టి పెరిగిన ఇల్లు, కండ్లు మూసుకుని తిరగగలదు. ఈ మాట రాసినాక కొట్టివేయాలనిపించింది. కొట్టివేయలేదు.

రామకోటయ్య


కర్నూలు
30 మార్చి 1954

రామకోటయ్యకు,

మా ఇంటి తెలివి నాది అనుకునేవాణ్ణి. మీ ఇంటి తెలివి మా చెల్లెలిదని ఇప్పుడు తెలిసింది.

మీ అక్క చూపు రెండేండ్లుగా మసక. మొదట పక్కలు చీకటయ్యాయి, తర్వాత నడుమ. పెద్ద డాక్టరు చూశాడు. కండ్లలో నరం ఎండిపోయిందట, కత్తి పెట్టి లాభం లేదన్నాడు. పోయిన దసరా నాటికి వెలుగు, నీడ, అంతే. నీకు రాయవద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. రాస్తే నువ్వు ఏం చేస్తావో ఆమెకు తెలుసు. నువ్వు సరిగ్గా అదే రాశావు.

కింది పెరడు ఆమెకు ఏమిటో నాకు తెలియకపోయింది. మొన్నటిదాకా పొద్దున్నే గడప దాటి, సన్నజాజి వాసన ఎటు వస్తే అటు బావి, పారిజాతం రాలిన వైపు తులసి అని నడిచేది. ఏ నెల వచ్చిందీ నాకు ఆమే చెప్పేది. పంచాంగం నేను చూసి, అవునే అనుకునేవాణ్ణి. ఇల్లు బాడుగకు ఇచ్చినవాణ్ణి నేనే. మిద్దె ఎక్కిన తర్వాత ఒక పొద్దున, "ఇప్పుడు ఏం నెల?" అని అడిగింది. అంతకుముందు ఆ మాట ఆమె ఎప్పుడూ నన్ను అడగలేదు.

నీకు మల్లెలనీ, జాజులనీ, వాసన ఉన్నవే కావాలనీ విప్పి రాస్తే గుట్టు బయటపడుతుంది. అందుకని ఊరికే నెలలు అడిగాను. మిగిలింది నా ముక్కు చేసింది. నా ముక్కు అలంకారానికే అప్పా. పొగాకు దంచి దంచి, ఎప్పుడో మొద్దుబారిపోయింది. పొడి మంచిదో కాదో వేళ్ళ మధ్య నలిపి, కొన్నవాడి తుమ్ము విని చెప్పేవాణ్ణి. తుమ్ము చిన్నదైతే సున్నం తక్కువ. వాసన చూడలేని వాడు ముక్కుపొడి అమ్ముతున్నాడని ఊళ్ళో తెలిస్తే అంగడి ఉంటుందా? అందుకే మీ అక్కకు కూడా చెప్పలేదు. పూవు అంటే వాసన ఉంటుందనుకున్నాను. మరువం పచ్చగా ఉంటుందని, రంగు కోసం కలుపుతారనుకున్నాను.

నువ్వు వచ్చి తీసుకుపోతానంటే నేను అడ్డం నిలబడను. గడువు ఆమె పెట్టింది, అది ముగియవస్తున్నది. ఈ మిద్దె మీద ఆమెకు పూవు రాలేదు. నీ జాబు ఆమెకు చదివి వినిపించాను. అంతా విని, "కాగితం తీసుకోండి, నేను చెప్తా, మీరు రాయండి" అనింది. ఇందులోనే పెడుతున్నాను. నా మాటలు కుండలీకరణాల్లో ఉంటాయి. కలిపి చదవవద్దు.

పెంచలయ్య


కర్నూలు
అదే దినం

కోటయ్యకు మీ అక్క చెప్పించేది.

నీ మీద కోపం ల్యా. రాయలేక రాయల్యా. గోరింటాకు అని రాయమని నేను చెప్పల్యా, అది ఈయన సొంత తెలివి. (పాలు కూడా నాదే.)

కనకాంబరం సంగతి నాకు తెలీదనుకుంటాండారు ఇద్దరూ. ఆ దినం తెలీదు, నిజమే. మర్నాడు ఉరుకుందప్ప నీళ్ళు సల్లినాడు. నువ్వు పంపిన ఎండు వెన్నులు తడిసి, కాయలు టప్ టప్ అని పగిలినాయి. ఒక విత్తనం ఎగిరి నా చెంపకు తగిలింది. నీళ్ళు పడితే పగిలే కాయ కనకాంబరానిది గాక ఇంగ దేనిది? మన పెరట్లో నువ్వు సిన్నప్పుడు ఆ ఎండుకాయలు నా నోట్లో ఏసి, పగిలితే నేను ఎగిరిపడితే నవ్వేవాడివి. యాదుండాదా?

అప్పటికే నీకు తిట్లతో జాబు పోయింది. ఈయన మూడు పూటలా ఆ సెట్ల సుట్టూ తిరుగుతాంటే నేనేం చెప్పేది? ఉండనీలే అని ఊరుకుంటిని.

ముక్కు సంగతి కూడా నాకు కొత్త గాదు. పాలు మాడి ఇల్లంతా పొగ వస్తాంటే పక్కన కూసుని కాగితాలు చూసుకునే మనిషికి ముక్కు ఉండాదని ఎవురు నమ్ముతారు? నేను బయట అనల్యా. అంటే అంగడి ఏం కావల్ల? (ఇది ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. నవ్వుతున్నది గానీ చెప్పదు.)

నాగలక్ష్మికి చెప్పు, ఆమె నా తల్లి. నువ్వు మాత్రం సదువుకుని నవ్వినావు, ఆమె సదువు రాకుండానే కనుక్కునింది.

నిన్న ఉరుకుందప్ప కల్లూరు తోటల నుంచి మరువం తెచ్చినాడు. "సెట్టీ, నీ డబ్బాపూలకు ఇది తోడు, అమ్మకు పెట్టు" అని మెట్ల మీద నుంచే ఇసిరి పోయినాడు. నేను కూసుని కట్టినా. దారం నా ఏళ్ళకు తెలుసు, కండ్లతో ఏం పని? కొప్పులో పెట్టుకొని, అద్దంతో నాకు పని ల్యాకపాయ, ఈయన్ను అడిగినా, ఎట్లుండాది అని. పెండ్లయినప్పటి నుంచి అడుగుతాండా, ఎప్పుడూ ఊఁ అంటాడు, తల ఎత్తడు. నిన్న లేసి వచ్చి, నా సుట్టూ తిరిగి సూసి, "ఎడమ పక్క ఒకటి జారింది" అన్నాడు. సరిజెయ్యమంటిని. పొడి దంచిన చేతులు గదా, రెండు పూలు నలిపిపెట్టినాడు. (మూడు.) మళ్ళా కట్టుకుంటి.

ఇంగ నువ్వు రాసిన మాటకు జవాబు. అది ఈయన చేత రాయించను. కాగితం నాకియ్యండి.

(ఈ కింది ముక్కలు మీ అక్క సొంత చేత్తో రాసినవి. నేను కాగితం కదలకుండా పట్టుకున్నాను. వరస కిందికి జారింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. నిదానంగా చదువుకో.)

కోటీ
మల్లె అంట్లు తే జాజి తే
కనకాంబరం తీసేది ల్యా
నన్ను తీసుకపోయే మాట వద్దు
ఉగాదికి రా
అక్క